సగం వేదిక

మా ఉప్పుమొగలో ఒక మనిషి విలువ తెలుసుకోవాలంటే అతని ఇల్లూ పొలమూ చూడనక్కర్లేదు. ఊళ్ళో సభ జరిగినప్పుడు అతను వేదిక మీదున్నాడా, కిందున్నాడా అని చూస్తే చాలు. ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పురపాలక సంఘం ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటును. పేరు పద్మనాభం. ఆ పేరు జీతాల బిల్లులో తప్ప ఎక్కడా వినపడదు. ఊరందరికీ నేను మైకు మేష్టారిని. శంకుస్థాపనైనా సంతాపసభైనా మైకు ముందు నిలబడి, 'ఫలానా వారిని వేదికను అలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం' అనేది నేనే. నేను పిలవనిదే ఎవరూ ఎక్కరు. పిలవని పేరంటానికైనా వెళ్తారేమో గానీ, పిలవని వేదిక మాత్రం మా ఊళ్ళో ఎవరూ ఎక్కరు.

పిలవాల్సినవాళ్ళని పిలవకపోతే ఇంకా ప్రమాదం. నాకు ముందు మైకు పట్టుకున్నాయన ఒకసారి రైసుమిల్లు వీరభద్రం గారి పేరు వదిలేశాడు. ఆ మర్నాటి నుంచీ వీరభద్రం గారు ఆయన వీధిలో వాళ్ళెవరి ధాన్యమూ మర పట్టలేదు. ఆయన బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాక గానీ ఆ వీధికి బియ్యం ముఖం కనపడలేదు.

అందుకని మా వేదిక మీద ముప్ఫై మందికి ఎప్పుడూ తగ్గేవారు కాదు. ఛైర్మన్ భానోజీ గారు, మాజీ ఛైర్మన్లు, ఛైర్మన్ అవుదామనుకుని కాలేకపోయినవాళ్ళు, వాళ్ళ బావమరదులు, షామియానా ఇచ్చినాయన, కూల్‌డ్రింకులు పంపినాయన. అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళు కింద ఉండేవారు. పొదుపు సంఘాల నుంచి వ్యాన్లలో తీసుకొచ్చి కుర్చీలు నింపేవాళ్ళం. సభకి నిండుదనం ఆడవాళ్ళ వల్లే వస్తుందని భానోజీ గారు ప్రతి ఉపన్యాసంలోనూ ఒప్పుకునేవారు. కౌన్సిల్లో సగం మంది మహిళలే కాబట్టి, మహిళా కౌన్సిలర్లకి మాత్రం కింద మొదటి వరస ప్రత్యేకించి, దాని మీద 'మహిళామణులు' అని కాగితం అంటించేవాళ్ళం.

ఆ మొదటి వరసలో కూర్చునే ఆవిడే ఏడో వార్డు కౌన్సిలర్ పెమ్మాడి నూకరత్నం.

ఏడో వార్డంటే బెస్తవాడ. కాలవ వంతెన పక్కనున్న ఖాళీ స్థలంలో చేపల బజారు. వార్డులో ఆడవాళ్ళు పడవల దగ్గర చేపలు కొనుక్కొచ్చి, గోనెసంచులు పరుచుకుని, గంపలు ముందు పెట్టుకుని, మండుటెండలో కూర్చుని అమ్ముకునేవారు. నూకరత్నం గారు కూడా గెలిచేదాకా అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఎండ ముదిరితే చేప మెత్తబడుతుంది. చేప మెత్తబడిందంటే ఆ రోజు కష్టం కాలవలో కలిసినట్టే. ఆవిడ అడిగేదల్లా మూడే: పైన కప్పు, కింద గచ్చు, పక్కన ఒక కుళాయి.

కౌన్సిల్ సమావేశంలో అడిగితే కమిషనర్ త్రివిక్రమరావు గారు, 'ఇట్టి విషయము పరిశీలనలో ఉన్నది' అని రాయించేవారు. మా ఆఫీసులో పరిశీలనలోకి వెళ్ళినది తిరిగి రావడం నేను చూడలేదు. అందుకే నూకరత్నం గారు వేరే పద్ధతి పెట్టుకున్నారు. బహిరంగసభలో భానోజీ గారు మైకు అందుకుని, 'సోదర సోదరీమణులారా' అనగానే, కింద మొదటి వరసలో ఆవిడ కూడా లేచి నిలబడేవారు.

"ఛైర్మన్ గారండీ, చేపల బజారుకి కప్పెప్పుడేత్తారండి?"

ఊరంతా వింటుంటే, పేపరువాళ్ళు రాసుకుంటుంటే, లేదనడం ఎవరి తరమూ కాదు. ఈ పద్ధతిలోనే ఆవిడ వార్డుకి వీధిదీపాలు సాధించారు. కప్పు విషయంలో భానోజీ గారు 'చూద్దాం' నుంచి 'చేద్దాం'కి, 'చేద్దాం' నుంచి 'చేసేస్తున్నాం'కి వచ్చారు. ఇంకొక్క సభ జరిగితే తారీఖు చెప్పక తప్పేది కాదు. సరిగ్గా అప్పుడొచ్చింది పై నుంచి ఉత్తర్వు.

కమిషనర్ గారు దాన్ని తన గదిలో, భానోజీ గారూ మేమూ కూర్చుని వింటుంటే, నిలబడి చదివారు.

"రాజకీయ సంస్థలయందు లింగ సమానత్వ విధానముల అమలు నిమిత్తము, అధికారిక సభావేదికలపై ఆసీనులగు వారిలో సగమునకు తక్కువ కాకుండా మహిళలు ఉండవలెను. సభ మొదలు నుండి ముగింపు వరకు ఏ క్షణమునందైననూ సదరు నిష్పత్తి తగ్గినచో, ఆ సభలో జరిగిన శంకుస్థాపనలు, ప్రారంభోత్సవములు చెల్లనేరవు. బిల్లులు మంజూరు కావు."

చివరి వాక్యం దగ్గర గదిలో అందరూ సర్దుకుని కూర్చున్నారు.

అమలుకి ఒక నోడల్ అధికారి కావాలన్నారు. ఆ వారం ఖాళీగా ఉన్నది టౌన్‌ప్లానింగ్ సూపర్‌వైజర్ శేషసాయి. ప్రహరీగోడలు కొలవడం తప్ప ఆయనకి వేరే వ్యాపకం లేదు కాబట్టి, సమానత్వం కూడా ఆయన కొలతలకే అప్పగించారు.

నా నోరు ఊరుకోలేదు. "మగవాళ్ళని సగానికి తగ్గించేస్తే సరిపోతుంది కదండీ. పదిహేను మంది వాళ్ళు, పదిహేను మంది వీళ్ళు," అన్నాను.

"ఎవర్ని తగ్గిస్తావయ్యా మేష్టారూ?" అన్నారు భానోజీ గారు. "ఒక్క పేరు చెప్పు."

ముప్ఫై పేర్లూ మనసులో తిప్పాను. వీరభద్రం గారి దగ్గర ఆగాను. మా వీధివాళ్ళు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

శేషసాయి గొంతు సవరించుకున్నాడు. "తగ్గించడం సమానత్వం అవదు సార్. పురుషుల స్థాయికి ఏమాత్రం భంగం కలగకుండా మహిళల స్థాయిని పెంచడమే ప్రభుత్వ ఉద్దేశం."

"ఎంత పెంచాలంటావు?" అన్నారు కమిషనర్.

"పొడవు ఇంకో ముప్ఫై అడుగులు సార్."

అలా పెరిగిన వేదిక మీద మొదటి సభ పార్కు ప్రారంభోత్సవం. ఆ రోజు నేను మొట్టమొదట పిలిచింది నూకరత్నం గారినే. ఆవిడ కొంచెం మొహమాటపడుతూనే ఎక్కారు. మిగిలిన మహిళా కౌన్సిలర్లు ఎక్కాక కూడా లెక్క తక్కువొస్తే, అంగన్‌వాడీ టీచర్లని, చివరికి వేదిక తుడవడానికి వచ్చిన ఇద్దర్ని కూడా కూర్చోబెట్టాం. అందరికీ శాలువాలు కప్పాం. మే నెల. శాలువాల కింద ఆడవాళ్ళు ఆవిరి మీదున్న ఇడ్లీల్లా ఉడికిపోతున్నారు.

భానోజీ గారు మైకు అందుకుని, "సోదర సోదరీమణులారా, ఇన్నాళ్ళూ కిందున్న మా చెల్లెమ్మ నూకరత్నాన్ని ఇవాళ పైకి తెచ్చుకున్నాం," అన్నారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగేలోపే నూకరత్నం గారు లేచి నిలబడ్డారు.

"ఛైర్మన్ గారండీ, చేపల బజారుకి..."

కమిషనర్ గారు చివాల్న లేచారు. మొహం మీద చిరునవ్వు చెదరకుండా, "అమ్మా, మీరిప్పుడు వేదిక మీదున్నారు," అన్నారు.

"ఉన్నానండి. అయితే ఏటండి?"

"వేదిక మీదున్నవారు ప్రభుత్వంలో భాగం. ప్రశ్న అనేది కింది నుంచి పైకి రావలసిన విషయం. పై నుంచి పైకి ప్రశ్న పంపే మార్గం నియమావళిలో లేదు. ప్రభుత్వాన్ని ప్రభుత్వమే నిలదీస్తే ప్రజలు మన గురించి ఏమనుకుంటారు?"

"పోనీ కిందికి దిగి అడుగుతానండి. అలవాటే కదా."

శేషసాయి ఫైలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "దిగడానికి వీల్లేదు మేడమ్. ఇప్పుడు సరిగ్గా సగం సగం ఉన్నారు. మీరు దిగితే నిష్పత్తి పడిపోతుంది. పార్కు చెల్లదు."

"పార్కు చెల్లకపోడవేటండి? ఎదురుగా కనపడతా ఉంటే."

"కనపడుతుంది మేడమ్. చెల్లదు."

"మరి నేను దిగాలంటే?"

"మీతోపాటు ఒక పురుష ప్రముఖులు కూడా దిగాలి."

ఆ మాట వినగానే మా పురుష ప్రముఖులందరికీ ఒక్కసారిగా ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఒకరు గడ్డి వైపు, ఒకరు మబ్బుల వైపు చూడసాగారు. నూకరత్నం గారు వరసంతా ఓపిగ్గా చూశారు. ఆవిడ చూపు తన మీద ఆగేసరికి వీరభద్రం గారు, "నాకు మోకాళ్ళు. ఎక్కడమే గగనమైంది," అన్నారు. షామియానా ఇచ్చినాయన, తాను దిగితే షామియానా కూడా దిగుతుందన్నాడు.

ఆవిడ కూర్చున్నారు. నేను పూలగుత్తి ఇవ్వడానికి వంగినప్పుడు మెల్లగా, "కొండనాలుక్కి మందేత్తే ఉన్న నాలుక ఊడిందండి మేష్టారూ," అన్నారు. నాకు నిజంగా బాధేసింది. కానీ వెంటనే మరొక ప్రముఖుణ్ణి పిలవాల్సి వచ్చింది.

ఆ తర్వాత మా ఊరి మగవాళ్ళు ఉత్తర్వులో ఉన్న లోతు కనిపెట్టారు. వేదిక మీద ఎంతమంది ఆడవాళ్ళుంటే అంతమంది మగవాళ్ళు ఉండొచ్చు. అంటే, ఎవరైనా తనతోపాటు ఒక ఆడమనిషిని తెచ్చుకుంటే అతనికి కుర్చీ ఖాయం. ఏళ్ళ తరబడి కింద నిలబడి పైకి చూస్తూ ఉసూరుమన్నవాళ్ళందరికీ దారి దొరికింది.

పెళ్ళయ్యాక భార్యని సినిమాకి కూడా తీసుకెళ్ళనివాళ్ళు కుళాయి ప్రారంభోత్సవానికి తీసుకొచ్చారు. ఎరువుల కొట్టు తాతబ్బాయి గారి భార్య కూతురింటికి వెళ్తే, ఎన్నాళ్ళుగానో మాటల్లేని అత్తగారిని బతిమాలి తెచ్చుకున్నాడు. ఆవిడ మొత్తం సభలో అతని వైపు తిరగలేదు గానీ, మర్నాడు పేపర్లో వాళ్ళిద్దరి ఫొటో కింద 'సాధికార కుటుంబం' అని పడింది. పెళ్ళి మాటెత్తితే కస్సుమనే ఒక యువనాయకుడు, కేవలం వేదిక ఎక్కడం కోసం సంబంధానికి ఒప్పుకున్నాడు. వాళ్ళమ్మ శేషసాయి ఇంటికి వెళ్ళి దణ్ణం పెట్టి, అరటిగెల ఇచ్చి వచ్చింది. ఊరికి ఆదర్శంగా ఉండాలని భానోజీ గారు కూడా తమ సతీమణి సుభద్రమ్మ గారిని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆవిడ శాలువా కింద దాచుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకునేవారు.

ఆడవాళ్ళ గురించి శేషసాయి పై అధికారులకి పంపిన నివేదికలో, 'వేదికలపై మహిళల భాగస్వామ్యము విశేషముగా పెరిగినది. మహిళల నుండి ప్రశ్నలు గానీ ఫిర్యాదులు గానీ పూర్తిగా తగ్గిపోయినవి' అని రాశాడు. దానికి పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

ప్రతి సభకీ వేదిక పెంచలేక వడ్రంగులు చేతులెత్తేశారు. అప్పుడు భానోజీ గారికి ఆలోచన వచ్చింది. మన ఊరికి ఒక శాశ్వత సమానత్వ వేదిక ఉండాలి. సిమెంటుతో, కలకాలం నిలిచేలా. దానికి సరిపడా చదునైన జాగా ఊళ్ళో ఎక్కడుందని శేషసాయి టేపు పట్టుకుని తిరిగాడు. ఒక్కటే దొరికింది. కాలవ వంతెన పక్కన చేపల బజారు.

కౌన్సిల్ సమావేశంలో నూకరత్నం గారు లేచారు. "అక్కడ మా ఆడోళ్ళు కూచుంటారండి. ఆళ్ళెక్కడికి పోతారండి?"

"ఏ ఆడవాళ్ళు చెల్లెమ్మా?"

"చేపలమ్మే ఆడోళ్ళండి."

భానోజీ గారు నొచ్చుకున్నారు. "ఈ వేదిక కట్టేదే ఆడవాళ్ళ కోసం కదమ్మా. ఆడవాళ్ళ కోసం కట్టేదానికి ఆడవాళ్ళే అడ్డమంటే నేనెవరికి చెప్పుకోను?"

"సదరు విక్రేతలను తాత్కాలిక ప్రాతిపదికన బస్టాండు వెనకకు తరలించడమైనది," అన్నారు కమిషనర్. తరలించలేదు ఇంకా. మా కమిషనర్ గారు జరగబోయేవి కూడా జరిగినట్టే రాస్తారు. తర్వాత సిబ్బంది వెళ్ళి దాన్ని నిజం చేస్తారు.

బస్టాండు వెనకంటే ఊరి చెత్తంతా పోసే చోటు. అక్కడికి కొనేవాళ్ళు ముక్కు మూసుకుని కూడా రాలేదు. నూకరత్నం గారి మేనత్త కాసులమ్మ పండు ముసలిది. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేపలే అమ్ముతోంది. ఒక సాయంత్రం ఆవిడ అమ్ముడుపోని గంపెడు నెత్తళ్ళ చేపలు కాలవలో కుమ్మరించి, ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. నేను అటుగా వెళ్తూ పలకరిస్తే, "రేపటికి పడవ దగ్గర అప్పుకి చేపెవడూ ఇవ్వడు బాబూ," అంది. ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు.

ఆ తర్వాతి సమావేశంలో నూకరత్నం గారు వేదికని వ్యతిరేకించలేదు. పైగా చేతులు కట్టుకుని, చాలా అణకువగా మాట్లాడారు. ఆవిడని అలా చూస్తే నాకు జాలేసింది. పాపం, లొంగిపోయారనుకున్నాను.

"కడతారంటే కట్టండి. కానీ వేదిక మీద గంటలు గంటలు కూచునేది మేవండి. ఎండకి మొహాలు మాడిపోతే ఫొటోలు బాగోవండి. మా సగం మీద కప్పేత్తే బాగుంటది."

"భేష్," అన్నాడు శేషసాయి. "మహిళా సున్నిత కప్పు." రాసుకున్నాడు.

"దాహమేత్తాదండి. ఓ కుళాయుంటే..."

"మహిళా సున్నిత కుళాయి."

"గచ్చు కొంచెం వాలుగా ఉంటే, నీళ్ళు కొట్టి కడిగినా నిలవుండవండి. ఎత్తు కూడా తగ్గించండి, చీరల్తో ఎక్కలేపోతన్నాం."

వాలు కూడా రాసుకున్నాడు. ఇన్నాళ్ళ తన సేవలో లబ్ధిదారుల నుంచి ఇంత నిర్మాణాత్మకమైన సహకారం చూడలేదని కమిషనర్ గారు మెచ్చుకున్నారు. ఏళ్ళ తరబడి కప్పు కోసం అడిగితే దొరకని డబ్బు, ఆ పూటకి ఆ పూటే దొరికింది.

"ఆఖరి మాటండి," అన్నారు నూకరత్నం గారు. "ఈ సగం మాదేనని ఓ రాయి మీద చెక్కిత్తే, రేపు ఇంకెవరో వచ్చి కాదనకుండా ఉంటారు."

రాయి అనగానే భానోజీ గారి కళ్ళు మెరిశాయి. రాయంటే అడుగున ఛైర్మన్ పేరుంటుంది. స్వయంగా కాగితం తీసుకుని, ఒకటికి రెండుసార్లు కొట్టేసి, చివరికి పైకి చదివి వినిపించారు. 'ఈ వేదికలో ఈ సగభాగము, సభ యున్ననూ లేకున్ననూ, సర్వకాల సర్వావస్థలయందును మహిళలకే చెందును. ఇందుండి ఏ మహిళనూ ఎవ్వరును దింపరాదు.' చదువుతూ తన రాతకి తనే తలాడించుకున్నారు.

ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి మంత్రిగారు వస్తున్నారు. పొద్దున్నే వేదిక నిండిపోయింది. నిండిపోవడమంటే, ఊరంతా వేదిక మీదే ఉంది. మధ్యలో పసుపు రంగు గీత. ఇటు మగవాళ్ళు, అటు వాళ్ళు తెచ్చిన ఆడవాళ్ళు. కిందున్న వెయ్యి కుర్చీల్లో ఒక్క మనిషి లేడు. ఒక కుక్క మాత్రం 'పత్రికా విలేకరులు' అన్న కాగితం ముందు పడుకుంది. విలేకరులు కూడా భార్యల్ని తెచ్చుకుని పైనే ఉన్నారు.

"కింద ఎవరూ లేకపోవడం లోపం కాదా?" అని శేషసాయిని అడిగాను.

"కింద ఎవరూ మిగలకపోవడమే కదా మేష్టారూ సమానత్వం," అన్నాడతను.

పదింటికి రావలసిన మంత్రిగారు పన్నెండు దాటాక వచ్చారు. ఆయన కారు బస్టాండు మీదుగా వస్తుందని, పోలీసులు పొద్దున్నే బస్టాండు వెనక చేపలమ్మేవాళ్ళని కూడా ఖాళీ చేయించారు. ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక కాలవ వంతెన మీద నిలబడ్డారు. గంపల్లో ఐసు కరిగి వాళ్ళ భుజాల మీద కారుతోంది. అందరికంటే ముందు కాసులమ్మ నిలబడి ఉంది.

మంత్రిగారు కత్తెర చేతిలోకి తీసుకున్నారు. అప్పుడే చుట్టుపక్కల వీధుల్లోంచి బుస్సుమని శబ్దం వినపడింది. మా ఊళ్ళో మున్సిపల్ కుళాయిలు రోజుకి ఒకసారే, మధ్యాహ్నం పూటే వస్తాయి. ఆ వేళకి బిందె పెట్టకపోతే మర్నాటిదాకా నీళ్ళుండవు. సభ ఉందని కుళాయి ఆగదు.

ముందు తాతబ్బాయి గారి అత్తగారు శాలువా మడతపెట్టి అల్లుడి ఒళ్ళో పడేసి దిగిపోయింది. ఆవిడ వెనక ఇద్దరు. ఆ వెనక పదిమంది. సుభద్రమ్మ గారు కూడా చిక్కుడుకాయల సంచి తీసుకుని లేచారు. భానోజీ గారు కళ్ళతో గదమాయిస్తే, "నీళ్ళు మీరు పడతారా?" అన్నట్టు చూసి వెళ్ళిపోయారు.

శేషసాయి మొహం పాలిపోయింది. "సార్, నిష్పత్తి," అన్నాడు.

"ఆపండి వాళ్ళని," అన్నారు కమిషనర్.

"నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళని ఆపే నియమం లేదు సార్. పురుష ప్రముఖులన్నా దిగాలి, లేకపోతే మహిళలన్నా ఎక్కాలి. మంత్రిగారు ఇప్పుడు రిబ్బను కత్తిరిస్తే చెల్లదు. బిల్లు రాదు."

పురుష ప్రముఖులు కుర్చీల చేతులు గట్టిగా పట్టుకున్నారు. మంత్రిగారు కత్తెర గాల్లో పట్టుకుని, ఏం జరుగుతోందని అడిగారు. కమిషనర్ గారు తాత్కాలిక సర్దుబాటు అన్నారు. భానోజీ గారు కింద చూశారు. కింద కుక్క తప్ప ఎవరూ లేరు. "ఊళ్ళో ఇంకా ఆడవాళ్ళెవరూ మిగల్లేదా?" అని ఆయన నన్ను అడిగినప్పుడు, ఆ గొంతులో ఏడుపొకటే తక్కువ.

గీత అవతల తన కుర్చీలో తాపీగా కూర్చున్న నూకరత్నం గారు అప్పుడు నోరు విప్పారు.

"మావోళ్ళున్నారండి. వంతెన మీద."

"పిలవమ్మా, పిలువు తల్లీ," అన్నారు భానోజీ గారు.

"నేను పిలిత్తే ఎలాగండి? పద్ధతుంది కదా. మేష్టారు మైకులో పేరుపేరునా పిలిత్తే వత్తారు."

భానోజీ గారు నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. నూకరత్నం గారు లేచి వచ్చి నా చెవిలో మొదటి పేరు చెప్పారు. నేను మైకు సర్దుకున్నాను. నా జీవితంలో ఎందరెందర్నో పిలిచాను గానీ, ఆ రోజు పిలిచినట్టు ఎప్పుడూ పిలవలేదు.

"మత్స్య విక్రయ రంగంలో అర్ధశతాబ్దపు విశిష్ట అనుభవం గడించిన శ్రీమతి ఓలేటి కాసులమ్మ గారిని వేదికను అలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం."

వంతెన మీద కాసులమ్మ వెనక్కి తిరిగి చూసింది, వెనకెవరైనా ఉన్నారేమోనని. "నన్నేనేటే?" అని పక్కనున్నదాన్ని అడిగింది. నేను మళ్ళీ పిలిచాను. ఆవిడ గంప నెత్తిన సవరించుకుని, తడిసిన చీర దులుపుకుని, నెమ్మదిగా నడిచి వచ్చింది. ఎత్తు తక్కువ కాబట్టి ఎక్కడం కష్టం కాలేదు. గంప కింద వదలమని శేషసాయి అంటే, "కుక్క తినెయ్యదా బాబూ?" అంది. నిజమే, కుక్క అప్పటికే లేచి నిలబడింది.

రొయ్యల శాఖలో నిపుణురాలు శ్రీమతి మల్లాడి వీరవేణి గారు. ఎండుచేపల నిల్వలో ఆరితేరిన శ్రీమతి కామాడి సత్యవతి గారు. ఒక్కొక్కరినీ పిలిచాను. ఒక్కొక్కరూ గంపతో వచ్చారు. కుర్చీలు పక్కకి తోసి, చల్లటి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎవరో కుళాయి తిప్పారు. చేపల మీద నీళ్ళు చల్లితే, ఆ నీళ్ళు వాలు మీదుగా చక్కగా కాలవలోకి జారిపోయాయి. శేషసాయి లెక్క చూసుకుని, "సరిగ్గా సగం సార్," అని గుండెల మీద చెయ్యేసుకున్నాడు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. రాయి మీద తెర తొలగించి, చెక్కినది ఆసాంతం చదివి, ఇంత విప్లవాత్మకమైన శిలాశాసనం రాష్ట్రంలో మరెక్కడా లేదని ప్రశంసించారు. వాసనకి జేబురుమాలు అడ్డం పెట్టుకోవడం వల్ల ఉపన్యాసం చిన్నదైంది. అరగంటలో కారెక్కి వెళ్ళిపోయారు.

కమిషనర్ గారు గీత దగ్గరికి వచ్చి, "కార్యక్రమం జయప్రదంగా ముగిసినది. సదరు మహిళలు తమ తమ స్థానములకు వెళ్ళవచ్చును," అన్నారు.

ఎవరూ కదల్లేదు. కాసులమ్మ కత్తిపీట తీసి ముందు పెట్టుకుంది.

"ఆళ్ళ స్థానం ఇదేనండి," అన్నారు నూకరత్నం గారు. "సభున్నా లేపోయినా అని రాశారు కదండి. ఆడోళ్ళనెవరూ దింపకూడదని ఛైర్మన్ గారే రాశారు. మంత్రిగారు చదివి చప్పట్లు కొట్టారు."

కమిషనర్ గారు శేషసాయి వైపు చూశారు. శేషసాయి రాయి వైపు చూశాడు. రాయి చాలా లోతుగా చెక్కారు. "దింపాలంటే కొత్త ఉత్తర్వు కావాలి సార్. సమానత్వ వేదిక మీద నుంచి మహిళల్ని దింపడానికి అనుమతి కోరుతూ మనం పైకి రాయాలి," అన్నాడు. అలాంటి కాగితం మీద తాను మాత్రం సంతకం పెట్టనని, మొన్ననే ప్రశంసాపత్రం వచ్చిందని కూడా అన్నాడు.

ఈలోగా ఊళ్ళో కుళాయిలు ఆగిపోయాయి. బిందెలు నింపుకున్న ఆడవాళ్ళు సంచులు పట్టుకుని ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. పిలవకుండానే ఎక్కారు. నెలల తర్వాత ఊరి నడుమన తాజా చేప దొరుకుతుంటే నా పిలుపు కోసం ఎవరాగుతారు? బేరాలు మొదలయ్యాయి. కాసులమ్మ ముందు ఒక పెద్ద వంజరం మెరుస్తోంది. నాకు కడుపు నిండినట్టుగా ఉంది.

ఇదంతా చూస్తూ ఊరుకోలేక భానోజీ గారు పసుపు గీత దాటి వచ్చి, సరిగ్గా కాసులమ్మ గంపకి ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "చెల్లెమ్మా, నేను రాసిన అర్థం ఇది కాదు," అన్నారు. రాతకి అర్థమేమిటో వివరించడానికి గొంతు కూడా సవరించుకున్నారు.

వెనక నుంచి ఎవరో ఆయన భుజం తట్టారు. సుభద్రమ్మ గారు, చేతిలో సంచి.

"ఏవండీ, కాస్త పక్కకి జరగండి. చేప కనపడట్లేదు."

భానోజీ గారు జరిగారు.